నాలుగు అరచేతులు

పోర్తిమావ్ ట్రాక్ వెనక షెడ్డులో
టైర్లు మారుస్తాను.
పేరు దియొలిందా.
కార్ల పేర్లు నాకు గుర్తుండవు,
రబ్బరు వాసనలు గుర్తుంటాయి.

ఇవాళ మూడొచ్చాయి పోటీకి.
ఒకటి పసుపు, ఒకటి బూడిద,
మూడోది ఎండిన దానిమ్మ తొక్క రంగు,
సగం పెట్రోలు, సగం కరెంటు.
వెయ్యి గుర్రాల బలమట.
వాళ్లు గుర్రాల్ని లెక్కపెట్టుకుంటారు.
నేను వంగి గిట్టలు చూస్తాను.

పసుపు కారువి దాదాపు నున్నటి టైర్లు,
గీతలు చెరిపేసుకున్న అరచేతులు.
బూడిదదీ అంతే.
దానిమ్మ కారుకి మాత్రం
వాన నీళ్లు పారడానికి కాలవలు, నిండా చేతిగీతలు.
రాత్రికి ఇల్లు చేరాలనుకునేవాడి టైర్లు.

ఎంత బలమున్నా
నేలని తాకేది నాలుగు అరచేతుల మేర.
ఇంజనూ, బ్యాటరీ,
ఇటలీ కుర్రాడు ఎర్మానో చదివిన చదువంతా
ఆ కాస్త జాగాలోంచే
భూమికి అందాలి.

పదకొండింటికి తారు పెనంలా కాగింది.
కొండ దిగే మలుపులో
దానిమ్మ కారు ముందు చక్రాలు జారి
సన్నగా ఏడ్చాయి.
షెడ్డులో ఉన్నా నాకు వినబడింది.
దాదాపు రెండు సెకన్లు వెనక.
ఇక్కడ రెండు సెకన్లంటే
పెళ్లికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్లినట్టు.

"టైర్ల వల్ల," అన్నాడు ఎర్మానో.
పసుపు కారు మనిషి నవ్వాడు,
ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని.
నేనేమీ అనలేదు.
ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు.

ఎర్మానో వ్యానులోంచి
నున్నటి జత దింపించాడు.
బిగించాను.
వేడికి తనే పెరుగుతుందని గాలి కాస్త తగ్గించాను.

మా అమ్మ ఈ ఊళ్లోనే
సార్డీన్ల ఫ్యాక్టరీలో చేపలు పేర్చేది.
ఉప్పుకి వేళ్లు అరిగిపోయి
గుర్తింపు కార్డుకి ముద్ర పడలేదు.
గుమాస్తా మూడుసార్లు ఇంకు పూశాడు.
మూడుసార్లూ నల్లటి మచ్చ, అంతే.
అయినా ఆ చేతుల్లోంచి
ఒక్క చేప జారేది కాదు.

మూడింటికి కారు నేలని కరుచుకుంది.
మొదటి రౌండు,
పసుపు కారు కంటే రెప్పపాటు ముందు.
ఎర్మానో నా భుజం పట్టుకుని ఊపేశాడు,
చేతికున్న మసి కూడా చూసుకోకుండా.

రెండో రౌండు సరిసమానం.
మూడో రౌండులో, సూటి దారి చివర,
కారు ఊపిరి సన్నగిల్లింది.
పట్టు దొరికింది కదా అని
ప్రతి మలుపులోనూ ముందు మోటార్లు
తొందరపడి కరెంటు తాగేశాయి.
జారుతున్నంతసేపూ కనబడని దాహం
నిలదొక్కుకున్నాక బయటపడింది.

"ఇంతకీ ఏది అసలు కారు?"
పత్రికాయన పెన్ను పట్టుకుని అడిగాడు.
పొద్దున్న ఓడిందా, మొదటి రౌండు గెలిచిందా,
మూడో రౌండులో ఆయాసపడిందా?
ఎర్మానో స్క్రీను వైపే చూస్తున్నాడు.
నేను నట్లు లెక్కపెట్టుకుంటున్నాను.
ఇరవైకి పందొమ్మిదే ఉన్నాయి.
ఇరవయ్యోది నా జేబులో దొరికింది.

మోన్షిక్ కొండ మీద మబ్బు కూర్చుంది.
మొదటి చినుకుకి
పసుపు కారుని లారీ ఎక్కించారు, వెనకే బూడిదదాన్ని.
బొమ్మల్లా తాళ్లు కట్టి, పట్టా కప్పి.

"పాతవి వేసెయ్," అన్నాడు ఎర్మానో.
సెవిల్ దాకా వెళ్లాలట, రాత్రికే.
గీతల టైర్లు మళ్లీ బిగించాను.
ఒక కాలవలో ఇరుక్కున్న గులకరాయిని
స్క్రూడ్రైవరుతో తీశాను.
వానలోకి అది కరెంటు మీద వెళ్లింది,
పిల్లిలా, చప్పుడు లేకుండా.
గేటు దగ్గర నీళ్లు రెండు పాయలుగా విడిపోయాయి.

పంచదారా నిమ్మరసంతో చేతులు రుద్దుకున్నాను.
బస్సు ఎన్నింటికో చూద్దామని
ఫోను మీద బొటనవేలు పెట్టాను.
గుర్తుపట్టలేదు.
లంగోటా గుడ్డకి తుడుచుకుని
మళ్లీ పెట్టాను.